సైన్సు సారు, చిల్లుల పుట్టగొడుగు

చావు కార్డు ఇంట్లో ఉంచకూడదంటారు. మొన్న శుక్రవారం వచ్చిన కార్డును మా కోడలు గడప బయటే నిలబడి చదివి, అక్కడే చించేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వచ్చింది. ఎవరో సైన్సు సారట, కర్నూలు పక్క ఏదో పల్లెలో పోయినాడట, ఆయన దగ్గర దొరికిన అడ్రసు మీదొక్కటేనట అని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను కర్ర పట్టుకుని బయటికి వెళ్ళేసరికి ముక్కలు గాలికి వీధి చివరిదాకా పోయాయి. కార్డు రాసిన పుణ్యాత్ముడెవరో, ఏ పల్లె నుంచి రాశాడో తెలుసుకునే దారి కూడా లేకుండా పోయింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్ల దగ్గర ఆయనే శానా జాగ్రత్త మనిషి. ఏ ఆకునో పురుగునో తెచ్చి ఇదేమిటి సార్ అని అడిగితే వెంటనే చెప్పేవాడు కాదు. తిప్పి చూడమనేవాడు, వాసన చూడమనేవాడు, యాడ దొరికింది, నీడలోనా ఎండలోనా, పక్కన ఏ చెట్టు ఉంది అని అడిగేవాడు. ఇవన్నీ చెప్పేలోపల అడిగినవాడికి విసుగు పుట్టి, పేరు అక్కర్లేకుండానే వెళ్ళిపోయేవాడు. పిల్లలైతే బెల్లు కొట్టేదాకా గడపడానికి ఇదొక ఉపాయంగా పెట్టుకున్నారు. ఆయనకు అది తెలుసు. తెలిసీ ప్రతిసారీ మొదటినుంచీ అడిగేవాడు.

యాభైల్లో రాయచోటి హైస్కూల్లో మేమిద్దరం పనిచేశాం. నేను నేత మాస్టర్ని, పిల్లలకు రాట్నం, మగ్గం నేర్పే ఉద్యోగం. మాది జమ్మలమడుగు దిక్కు, మా నాయన నూలుకు రంగులు వేసేవాడు. చదువు చెప్పే అయివార్ల మధ్య నేత మాస్టరంటే కొంచెం చిన్నచూపు. సైన్సు సారంటే చిన్నచూపు లేదు గానీ, ఆయనకు తిక్క అని అందరికీ ఒక నమ్మకం. అందుకని స్టాఫురూములో తలుపు వెనక బల్ల మా ఇద్దరికీ మిగిలింది. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆదోని దిక్కు మనిషి, మాటల్లో అప్పుడప్పుడు కన్నడం దొర్లేది. పెళ్ళయిందా సార్ అని చేరిన కొత్తలో అడిగాను. అయింది అన్నాడు. ఆమె ఉందా, పోయిందా, పుట్టింట్లో ఉందా అన్నది ఆ తరువాత ఐదేళ్ళలో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన నడక ఎవరైనా గుర్తుపట్టేవాళ్ళు. తల వంచుకుని, ఏదో పారేసుకున్నవాడిలా నేలను వెతుక్కుంటూ నడిచేవాడు. వాన పడితే ఊరంతా చూరు కిందికి పరిగెత్తేది, ఆయన ఒక్కడే గుట్టల దిక్కుకు బయలుదేరేవాడు. గొడుగు ఉండేది గానీ దాన్ని తెరిచేవాడు కాదు, దాని కొనతో ఆకులు కదిలించేవాడు. తెచ్చినవాటిని చూసి జనం అడిగే మాట ఒక్కటే, ఇది తినొచ్చా అని. పేరు గూడ తెలీని దాన్ని యాడ తినేదప్పా అనేవాడు. తను మాత్రం ఏదీ తినలేదు, ఇంటికి వచ్చినవాళ్ళకు పెట్టేవాడు కాదు అని రాయబోయాను. నిజానికి ఆయన ఇంటికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఆయన వెతికేది ఒక్క రకాన్ని. మనం తినే పుట్టగొడుగును తిప్పి చూస్తే అడుగున సన్నటి రేకులు ఉంటాయి. కొన్నింటికి రేకులుండవు, జల్లెడలాగా సన్నటి చిల్లులుంటాయి. బొలీటస్ కుటుంబం అనేవాడు ఆయన, నేను చిల్లుల పుట్టగొడుగులు అనేవాడిని. అవి తడి కొండల్లో, పెద్ద అడవుల్లో పుట్టేవట. మన రాళ్ళ సీమలో ఉండవని పుస్తకాలు రాసినవాళ్ళ నమ్మకం. వాళ్ళు ఈడికి వచ్చి చూసినారా అని ఆయన ప్రశ్న.

రాయచోటికి వచ్చిన మొదటి ఏడు ఆయనకు అలాంటిది ఒకటి దొరికింది. సుండుపల్లె దారిలో ఒక గుట్ట కింద వంక ఉంది, ఆ వంక ఒడ్డున కానుగ చెట్టు మొదట్లో. చూపించింది మేకలు కాసే ఒక ముసలామె. ఆమె వేలు మడిచి, కణుపుతో చూపించిందట. పిందెను వేలెత్తి చూపితే కుళ్ళుతుందంటాం కదా, ఆమె లెక్కలో పుట్టగొడుగూ అంతే. ఆ తరువాత సైన్సు సారు కూడా ఏ పుట్టగొడుగునూ వేలెత్తి చూపేవాడు కాదు. సైన్సు చదివి ఇదేమిటి సార్ అని నేను ఎగతాళి చేస్తే, ఆమె ఎన్నాళ్ళుగా చూస్తాందో, మనం నిన్న వచ్చినోళ్ళం అనేవాడు.

ఆ దొరికినదాన్ని ఎండబెట్టి మద్రాసులో ఒక ప్రొఫెసరుకు పంపాడు. మూడు నెలలకు జవాబు వచ్చింది. ఇది చిల్లుల రకమే, మీ ప్రాంతంలో ఇంతవరకు ఎవరూ చూడని జాతి కావచ్చు, అయితే ముక్క ఎండి బొగ్గులా ఉంది, పచ్చిగా ఉన్నప్పుడు ఏ భాగం ఏ రంగో, కోస్తే ఏ రంగుకు మారిందో మీరు సరిగ్గా రాయలేదు, చిల్లుల్లోంచి రాలే విత్తనాల పొడిని, సిద్ధబీజాలను, కాగితం మీద రాల్చి పంపలేదు, మళ్ళీ దొరికితే అన్నీ చూసి పంపండి, అప్పుడు తేల్చి చెబుతాను అని. ఆ ఉత్తరాన్ని ఆయన చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు. మడతల దగ్గర చిరిగితే వెనక గోధుమరంగు కాగితం అంటించాడు. అందులో ఆయన చదువుకునేది ‘కావచ్చు’ అన్న ఒక్క మాట. ఆ మాట మీద ఒక మనిషి ఐదేళ్ళు బతకగలడని ఆయన్ను చూసే నాకు తెలిసింది.

ఎందుకంటే ఆ తరువాత వానలు లేవు. రెండేళ్ళు వరసగా కరువు. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. సైన్సు సారు సెలవురోజుల్లో గంజి పోసే దగ్గర నిలబడి సాయం చేసేవాడు. జనం కూటికి మబ్బు చూస్తాంటే, నేను ఈ కొక్కుల కోసం, పుట్టగొడుగుల కోసం చూస్తాండా, సిగ్గయితాందప్పా అన్నాడు ఒకరోజు. ఆ తరువాత వానలొచ్చినా కానుగ చెట్టు కింద ఏమీ మొలవలేదు. కర్నూలు రాజధాని అయి ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజుల్లో, అక్కడ గుమాస్తాగా ఉన్న ఆయన బంధువు ఒకడు సొంత జిల్లాకు బదిలీ చేయిస్తానన్నాడు. అందరూ ఎగిరి గంతేసే మాట. ఈయన వద్దన్నాడు. ఈడ ఒక పని ఉండాది అన్నాడట. బంధువు ఆ పని ఏ ఆడమనిషో అయి ఉంటుందని ఊరంతా చెప్పుకుని, మళ్ళీ ఉత్తరం రాయలేదు.

నూలు సంగతి ఒక మధ్యాహ్నం వచ్చింది. రంగులు రాసుకోవడం ఎలాగా అని ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. పసుపు అని రాస్తే ఆ ప్రొఫెసరు ఏ పసుపు అనుకుంటాడు? రంగుల పటం ఒకటి విదేశాల్లో అచ్చవుతుందట, దాని ధర వింటేనే భయం. నేను లేచి మగ్గాల గదిలోకి వెళ్ళి మా నాయన వేసిన రంగు నూలు తెచ్చి బల్ల మీద పరిచాను. ఒక్క పసుపులోనే పదకొండు రకాలు. తంగేడు పువ్వు, నిమ్మపండు, శనగపిండి, పండిన మామిడి, పసుపుకొమ్ము విరిచిన చోట కనబడే రంగు, ఇలా ఒక్కొక్కదానికీ మా ఇంట్లో ఒక పేరు. ఏ భాగం ఏ రంగో ఆ దారం ముక్క దానికే కట్టి పంపండి సార్, మాట పొరపడుతుంది గానీ దారం పొరపడదు అన్నాను. ఆయన ఒక్కొక్క దారాన్నీ వెలుగుకు పట్టి చూశాడు. ఆ బళ్ళో నా పని ఒకరికి అవసరమైంది అదే మొదటిసారి. ఆ సంతోషంలో నేను ఆ నెలంతా ఇంటి నుంచి నూలు పోగులు మోసుకొచ్చాను.

మొదటిది దొరికిన ఐదేళ్ళకు, భాద్రపదంలో మూడు రోజుల ముసురు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. నూలు ఎత్తుకోనిరాప్పా అన్నాడు, అంతే. గబగబా వెళ్ళాం. ఆయన అద్దెకుండేది ఒక రైతు కుటుంబం ఇంట్లో, వీధి వైపు గది, తలుపుకు గొళ్ళెమే గానీ తాళం లేదు. ఇంటావిడ పెద్దామె, భర్త లేడు, పురిటికి వచ్చిన కూతురు లోపల ఉంది. ఆ గదిలో నేను అడుగుపెట్టడం అదే మొదలు. ఒక నులక మంచం, ఒక కుర్చీ, గోడ పొడవునా ఎండిన పుట్టగొడుగుల పొట్లాలు, బల్ల మీద తడిగుడ్డలో అది. పెద్దది, బుర్ర ఒక రొట్టెంత ఉంది. తిప్పి చూపించాడు. అడుగున చిల్లులు.

ముందు పైరంగుకు దారం చూశాం, తరువాత కాడకు, తరువాత చిల్లులకు. చివర ఆయన బ్లేడుతో నిలువునా కోశాడు. లోపల శనగపిండి పసుపు. నేను దారం వెతికేలోపలే ఆ పసుపు మీద ఆకుపచ్చ పాకింది. చూస్తుండగానే పచ్చ పోయి నీలం అయింది. మా నాయన నీలి బానలోంచి నూలు పైకి తీసినప్పుడు అచ్చం ఇదే. బానలోంచి వచ్చేటప్పుడు పసుపుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలం తిరుగుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నది ఒక పుట్టగొడుగు కడుపులో చూస్తాననుకోలేదు. ఆ సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇది నీలం తిరిగేది చూసి నాకు ఐదేండ్లాయ,” అన్నాడు. “ఇట్ల అయితాది అని చెప్తే ఎవురూ నమ్మలే. నువ్వు చూస్తివి గదప్పా.”

సాయంత్రం దాకా దారాలు కట్టాం. పైన ఎరుపు కలిసిన గోధుమ, చిల్లులకు పసుపు, కోత మీద వరసగా మూడు, మొదటి నిమిషానికి ఒకటి, తరువాతదానికి ఒకటి, ఆపైన ఒకటి. కాడ మొదలు నల్లబడింది, దానికి నల్ల దారం. ఆ నల్ల దారం ముడి వేస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. నిలువునా చీల్చి, ఎర్ర దారం పచ్చ దారం నల్ల దారం కట్టిన ఈ వస్తువును తెలియనివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన బొరుగుల్లో ఉల్లిపాయ తరిగి కలుపుతూ, నాకు తెలియని ఏదో కన్నడ పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆయన పాడగా నేను ఎన్నడూ వినలేదు. మాట మింగేశాను.

రెండు ముక్కల్లో ఒకదాన్ని కాగితం మీద బోర్లించి గిన్నె మూశాడు, సిద్ధబీజాలు రాలడానికి. దారాలు కట్టినదాన్ని ఇంటావిడ దగ్గర అడిగి తెచ్చిన జల్లెడలో పెట్టి, కింద కుంపటి సెగ తగిలేలా అమర్చాడు. మర్నాడు ఆ రెండో ముక్కకు కూడా దారాలు కట్టి ఆరబెట్టాలి, వారం చివర రెండూ మద్రాసుకు పంపాలి. అదీ ఏర్పాటు. పొద్దున ఆయన బడికి వచ్చేముందు ఆ పని కూడా ముగించుకునే వచ్చాడు.

మధ్యాహ్నం కబురు వచ్చింది. ఇద్దరం పోయేసరికి వీధి నిండా జనం. పొద్దుటి నుంచి కూతురికి నొప్పులు మొదలై జ్వరం కూడా వచ్చింది. మంత్రసాని బియ్యం జల్లించమందో, పిండి జల్లించమందో, ఇంటావిడ తన జల్లెడ కోసం ఆయన గదిలోకి వెళ్ళింది. కుంపటి మీద నల్లగా ముడుచుకుపోతున్న ఆ రెండు చీలికలను చూసింది. మనిషి బొమ్మను నిలువుగా కోసి దారాలు చుట్టినట్టే ఉంది. ఇంట్లో పురిటి మనిషి, ఎదుటి గదిలో ఇది. ఆమెను నేను తప్పు పట్టను, నా తల్లి అయినా అదే అనుకునేది. ఆమె కేకకు వచ్చిన పెద్దమనుషులు పటకారుతో పట్టి, కాగితాలతో సహా వంక దగ్గరికి తీసుకుపోయి, ఉప్పూ మిరపకాయలూ వేసి కాల్చేశారు. జల్లెడను కూడా కాల్చారు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. అరిచి, తిట్టి, ఇది ఫలానా అని చెప్పి ఉంటే పదిమందిలో ఒకరైనా వినేవాళ్ళు. ఆయన తిన్నగా ఇంటావిడ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

“అవ్వా, కాలేటప్పుడు వాసన వచ్చిందా? ఎట్లాంటి వాసన?” అని అడిగాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన జేబులోంచి పెన్సిలు, నోటుబుక్కు తీశాడు. పొగ తెల్లగా వచ్చిందా నల్లగా వచ్చిందా, తడి కారిందా అని అడుగుతూనే ఉన్నాడు. ఆయనకు అర్థం కాలేదో, అర్థమయ్యీ మిగిలిందేదో అదైనా దక్కించుకుందామనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. వీధిలో ఉన్నవాళ్ళకు మాత్రం సందేహం తీరిపోయింది. తన ప్రయోగం ఎంతవరకు పారిందో కనుక్కుంటున్నాడు అనుకున్నారు.

“అయివారా, నీ కాళ్ళకు మొక్కుతా, నా బిడ్డను ఇడిచిపెట్టు,” అంది ఇంటావిడ, నిజంగానే వంగబోయింది.

ఆ దారాలు నావి అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. వీధి అంతా నా వైపు తిరిగింది. నోరు మూసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. దీపాలు పెట్టే వేళకు ఆ కూతురికి సుఖంగా కాన్పయింది, మగపిల్లవాడు. జ్వరం కూడా దిగింది. ఇక ఎవరు ఏం చెప్పినా వినేవాళ్ళు లేరు.

గది ఖాళీ చేశాడు. ఊళ్ళో మరెవరూ గది ఇవ్వలేదు. బళ్ళో పరికరాల గదిలో బల్లలు జరిపి పడుకునేవాడు. మా ఇంట్లో నూలు దాచుకునే గది ఒకటి ఉండేది, ఒక మంచం పట్టేది. మా అమ్మ ఒప్పుకోదని, నా భార్య నెల తప్పి ఉందని నాకు నేను చెప్పుకున్నాను. అమ్మను అడగనే లేదు. అడిగితే సరేనంటుందేమోనన్న భయం కూడా ఉండేదని ఈ వయసులో ఒప్పుకుంటే పోయేదేమీ లేదు. నలుగురితో ఉండాల్సినవాడిని అనుకున్నాను. స్టాఫురూములో మాత్రం అదే బల్ల దగ్గర పక్కపక్కనే కూర్చునేవాళ్ళం.

మద్రాసుకు ఆయన అంతా రాశాడు. జవాబు మర్యాదగానే వచ్చింది. వస్తువు చేతిలో లేకుండా రాతల మీద ఏ జాతినీ నిర్ణయించలేమని, మళ్ళీ దొరికితే పంపమని. ఈసారి అందులో ‘కావచ్చు’ లేదు. వేసవిలో ఆయనే బదిలీ అడిగి కర్నూలు దిక్కుకు వేయించుకున్నాడు. ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆయన వెళ్ళాక నేను రాయచోటిలో ఉన్నన్నేళ్ళూ ప్రతి ముసురుకూ ఆ కానుగ చెట్టు దగ్గరికి పోయి చూశాను. రేకులవి మొలిచేవి. చిల్లులది మొలవలేదు.

ఆయన బయలుదేరిన రోజు బస్టాండుకు పోయింది నేనొక్కడినే. ఒక ఇనపపెట్టె, ఒక పరుపుచుట్ట. వేపచెట్టు కింద పెట్టె మీద కూర్చుని పరుపుచుట్ట తాడు బిగించుకుంటున్నాడు. ఇక ఎప్పుడు చూస్తానో ఏమో, కడుపులో పెట్టుకోలేక చెప్పేశాను. సార్, ఆ నల్ల దారం ముడి వేసేటప్పుడే నాకు తోచింది, చూసినవాళ్ళు చేతబడి అనుకుంటారని. చెప్పాలనుకున్నాను, చెప్పలేదు, తప్పు నాది అన్నాను.

ఆయన తాడు బిగించడం ఆపలేదు.

“నాకూ తోచిందిలేప్పా,” అన్నాడు.

తోచి అప్పుడే ఎందుకు అనలేదు సార్, ఐదేళ్ళు ఎదురుచూసినది కదా అని అడిగాను.

“ఆ మాటంటే నువ్వు భయపడి, దారాలన్నీ ఇప్పుకోని ఇంటికి పోతావనుకుంటి,” అన్నాడు. తలెత్తకుండానే, “ఆ రూములో ఇంగో మనిషి కూర్చునింది ఆ ఒక్క పొద్దే గదప్పా,” అన్నాడు.

బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. పెట్టె మీద కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. కూర్చున్నాను.